స్టిక్కర్ మీద పేరు, చిప్పు మీద నంబరు

లక్సెట్టిపేట బస్టాండు దాటి మంచిర్యాల రోడ్డు మీద కొంచెం నడిస్తే, జిరాక్స్ సెంటర్‌కూ విత్తనాల దుకాణానికీ నడుమ సందు లాంటి ఒక షట్టర్ కనిపిస్తుంది. అదే నా దుకాణం. బోర్డు మీద 'సేల్స్ అండ్ సర్వీస్' అని రాయించాను గాని సేల్స్ బోర్డు మీదే మిగిలిపోయింది. నా ఇల్లు నడిచింది సర్వీసు మీద. అందులోనూ ఎక్కువగా, "ఇగ ఇది పనికిరాదు, పాతసామాన్లోనికి ఏసెయ్" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పిన డబ్బాల మీద. వాటిల్లో పైసా ఖర్చు లేని లినక్స్ ఎక్కించి, మళ్లీ నడిచేలా చేసి ఇస్తాను.

ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. పెన్‌డ్రైవ్ పెట్టి నెక్స్ట్, నెక్స్ట్ కొడితే చాయ్ తాగి వచ్చేలోపు అయిపోతుంది. విద్య అంతా దాని ముందటి పావుగంటలో ఉంది. ఈ యంత్రంలో ఏమేం ఉన్నాయి, వాటిల్లో ఏది మాట వింటుంది, ఏది మొరాయిస్తుంది అని చూసుకునే పావుగంట. అది వంటబట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. నువ్వు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నావు కాబట్టి ముందు నేను చెడగొట్టినవే చెబుతాను. బాగుపడ్డవి వాటి వెనకే వస్తాయి.

నాకు పని నేర్పింది మంచిర్యాలలో ఒక ఉస్తాద్. అంతకుముందు ఆయన రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. సింగరేణి కాలనీల్లో కంప్యూటర్లు దిగడం మొదలయ్యాక ఇటు తిరిగాడు. 2003లో నేను ఆయన దగ్గర చేరినప్పుడు మొదటి నెలంతా నాతో ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్దించాడు. బొగ్గు దుమ్ము ఊళ్లలో సగం జబ్బులు దాంతోనే పోతాయి. రెండో నెల చేతిలో భూతద్దం పెట్టాడు. మదర్‌బోర్డు మీదున్న ప్రతి నల్ల చిప్పు నంబరూ చదివి ఒక పొడుగు పుస్తకంలో రాయాలి. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ దుకాణంలో రోజుకోసారి గుర్తొస్తుంది: "పేరు స్టిక్కర్ మీద ఉంటది బిడ్డా, నంబరు చిప్పు మీద ఉంటది. స్టిక్కర్ అమ్మనీకి అంటిస్తరు. నంబర్ అట్ల గాదు."

ఆ పుస్తకం పద్ధతి నేనూ పట్టుకున్నాను. ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది.

నా చేతికి లినక్స్ మొదట వచ్చింది పోస్టులో. ఆ రోజుల్లో ఉబుంటు వాళ్లు అడిగిన వాళ్లకల్లా ఉచితంగా సీడీలు పంపేవాళ్లు. 2005లో మొదలైన ఆ ఏర్పాటు 2011 దాకా నడిచింది. 2008లో నాకు 8.04 సీడీల కవరు వచ్చింది. పోస్ట్‌మన్ తటపటాయిస్తూ ఇచ్చి, "ఫారిన్‌ల ఎవరున్నరు నీకు?" అని అడిగాడు. ఆనాటి నెట్ మీద 700 ఎంబీ దించాలంటే రాత్రంతా కావలి కాయాలి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. ఆ కవరు నాకు బంగారమే. 'లినక్స్ ఫర్ యు' పత్రికతో వచ్చే సీడీల కోసం మంచిర్యాల స్టేషన్‌లో భాగ్యనగర్ ఎక్కి సికింద్రాబాద్ పోయిన రోజులూ ఉన్నాయి. పనిలో పనిగా పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ర్యాములు ఏరుకొచ్చేవాణ్ని.

మొదటి సీడీ మొదటి బోణీ మాత్రం బాగా లేదు. ఒక ట్యూషన్ సార్ దగ్గర పెంటియం 3 ఉండేది, 128 ఎంబీ ర్యామ్. గొప్పగా ఉబుంటు సీడీ పెట్టాను. గోధుమరంగు తెర వచ్చి, గీత సగం దాకా పాకి ఆగిపోయింది. అరగంట చూశాను. సీడీ డ్రైవ్ రొదపెడుతూనే ఉంది, సార్ నా మొహమే చూస్తున్నాడు. తప్పు సీడీది కాదు, నాది. దానికి కనీసం 384 ఎంబీ కావాలని కవరు మీదే రాసి ఉంది, నేను చదవలేదు. వారం తర్వాత పప్పీ లినక్స్ దొరికింది. ఆస్ట్రేలియాలో బ్యారీ కాలర్ అనే ఆయన మొదలుపెట్టినది, మొత్తం కలిపి వంద ఎంబీ లోపే. హార్డ్‌డిస్కును ముట్టకుండా ర్యామ్‌లోనే కూర్చుని నడుస్తుంది. సార్ కంప్యూటర్‌లో అది లేచి, స్పీకర్‌లో కుక్క మొరిగింది. నిజమే, మొదటిసారి తెర వచ్చినప్పుడు పప్పీ మొరుగుతుంది. సార్ ఇంట్లో పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నాకు 150 రూపాయలు ఇచ్చాడు. అది నా మొదటి లినక్స్ సంపాదన.

ఇక ప్రాసెసర్ సంగతి. బయట జనం "లినక్స్ అన్నింటి మీదా నడుస్తది" అంటారు. నిజమే, కాని ఆ మాట వెనక చాలా లెక్క ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఇది రాసింది తన 386 కంప్యూటర్ కోసమే, ఇంకో దాని మీద నడుస్తుందని ఆయనే అనుకోలేదు. తర్వాత అది ఫోన్లకూ సూపర్ కంప్యూటర్లకూ పాకింది. తమాషా చూడు, ఏ 386 మీద పుట్టిందో ఆ 386నే 2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌తో వదిలేశారు. పాత వాటిని మోయడానికి ఎవరో ఒకరు కూర్చుని పనిచేయాలి. పనిచేసే చేతులు లేకపోతే ఎంత ఉచితమైనదైనా ఆగిపోతుంది.

నీకు రోజూ ఎదురయ్యేది 32 బిట్, 64 బిట్ గొడవ. పెన్‌డ్రైవ్‌తో ఏదో ఒక లైవ్ లినక్స్ లేపి, సీపీయూ ఇన్ఫో ఫైల్‌లో ఫ్లాగ్స్ వరస చదువు. అందులో 'ఎల్ఎం' అన్న రెండక్షరాలు ఉంటే అది 64 బిట్. లేకపోతే 32. కంపెనీ పేరు చూడకు, ఏ సంవత్సరం కొన్నారని అడగకు. 2008లో వచ్చిన చిన్న నెట్‌బుక్కుల్లోని ఆటమ్ ఎన్270 32 బిట్టే. అంతకు ఐదేళ్ల ముందే 2003లో ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లు అమ్మింది. వయసు చూసి బిట్లు చెప్పేవాణ్ని నమ్మకు. నేను చెప్పేవాణ్ని, అందుకే అంటున్నాను.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. ఆ మెలిక దగ్గర ఒక ఆదివారం మొత్తం పోయింది. పాలిటెక్నిక్ పిల్లవాడు ఒక చిన్న ల్యాప్‌టాప్ తెచ్చాడు. 2 జీబీ ర్యామ్, స్క్రీన్ ఊడదీస్తే ట్యాబ్ అయ్యే రకం. ప్రాసెసర్ 64 బిట్. 64 బిట్ పెన్‌డ్రైవ్ పెడితే దాని కంటికే కనిపించలేదు. పెన్‌డ్రైవ్ మార్చాను, పోర్టు మార్చాను, సెక్యూర్ బూట్ తీసేశాను. సాయంత్రానికి తెలిసింది: ప్రాసెసర్ 64 బిట్టే, కాని దాన్ని లేపే యూఈఎఫ్ఐ 32 బిట్. ఇల్లు పెద్దదే, దర్వాజా చిన్నది. పెన్‌డ్రైవ్‌లో 'బూట్ఐఏ32' అన్న చిన్న ఫైల్ ఉంటేనే ఆ దర్వాజా తెరుచుకుంటుంది. డెబియన్ అనే ఇంకో లినక్స్ వాళ్లు అప్పట్లో రెండు రకాలూ కలిపిన ఒక ఐఎస్ఓ ఇచ్చేవాళ్లు, దాంతో పని అయిపోయింది. ఒక్క ఫైల్ కోసం ఒక ఆదివారం.

ఉస్తాద్ సొంత ల్యాప్‌టాప్ కథ దీనికి తలకిందులు. అది పెంటియం ఎం. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయాక, "దీనికి గూడ నీ మందు పెట్టు" అని నాకు పంపాడు. లుబుంటు పెడితే, ప్రాసెసర్‌కు పీఏఈ లేదని చెప్పి ఆగిపోయింది. పీఏఈ అంటే 32 బిట్ ప్రాసెసర్ 4 జీబీ దాటిన ర్యామ్‌ను అందుకునే ఉపాయం. దాంట్లో ఉన్న ర్యామే 512 ఎంబీ, అందుకునేది ఏముంది! కాని కెర్నెల్‌ను ఆ లెక్కన కట్టేశారు, లేకపోతే లేవదు. ఆయనకు ఫోన్ చేసి కాదు పొమ్మని చెప్పబోయాను. ఆయన నవ్వాడు. "ఉన్నదో లేదో అది చెప్పుకుంటలేదు, గంతే. నువ్వే జబర్దస్తీ చెయ్." తర్వాత చదివితే తేలింది, ఆ వరస ప్రాసెసర్లలో కొన్నిటికి పీఏఈ ఉంది, ఉందని ఫ్లాగ్‌లో చెప్పుకోవు. లుబుంటు 14.04లో దాని కోసమే 'ఫోర్స్‌పీఏఈ' అనే మాట పెట్టారు. బూట్ లైన్ చివర ఆ ఒక్క మాట చేరిస్తే లేచి కూర్చుంది. భూతద్దంతో పని నేర్చుకున్న మనిషికి, నెట్‌లో వెతకకుండానే, ఆ సంగతి ఎట్లా తట్టిందో నాకు అంతుబట్టలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. ప్రాసెసర్ వల్ల పని ఆగింది వందలో రెండు మూడు సార్లే. మిగతావన్నీ దాని చుట్టూ ఉన్న చిన్నచిన్న ముక్కల వల్ల ఆగినవి. వైఫై కార్డు, గ్రాఫిక్స్, సౌండ్, ప్రింటర్, ఒక్కోసారి టచ్‌ప్యాడ్. కొత్తవాడు ప్రాసెసర్ చూసి ధైర్యపడతాడు, వైఫై దగ్గర పడిపోతాడు.

2018లో దండేపల్లి నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు రెండు ల్యాప్‌టాప్‌లు తెచ్చారు. ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి, ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండింటి మీదా ఒకే స్టిక్కర్. 'డాస్' ల్యాప్‌టాప్‌లు. మన దగ్గర విండోస్ పైసలు మిగుల్చుకోవాలని అట్లా కొంటారు. అందులో ఫ్రీడాస్ ఉంటుంది, తెరిస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. అక్క దాంట్లో లినక్స్ మింట్ పెట్టాను. వైఫై, సౌండ్, కెమెరా అన్నీ దానంతట అవే వచ్చేశాయి. చెల్లెది కూడా అదే కదా అని చూడకుండా అదే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించేశాను. వైఫై లేదు. అసలు కార్డే లేనట్టు ఉంది. చెల్లె మొహం చిన్నబోయింది. "మా అక్కది మంచిగ చేసి నాది ఖరాబ్ చేసినవ్" అని మొహం మీదే అంది.

అప్పుడు చేశాను, ముందు చేయాల్సిన పని. టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' కొట్టి, వెనక 'ఎన్ఎన్' చేర్చాను. ప్రతి ముక్కకూ రెండు నంబర్లు వస్తాయి. మొదటిది కంపెనీది, రెండోది చిప్పుది. అక్క దాంట్లో వైఫై కంపెనీ నంబరు 8086. అది ఇంటెల్‌ది. 1978లో వాళ్లు చేసిన ప్రాసెసర్ పేరునే నంబరుగా పెట్టుకున్నారు, ముచ్చటగా లేదూ! చెల్లె దాంట్లో వేరే కంపెనీ కార్డు, చిప్పు నంబరు సీ821. పెట్టె తయారుచేసేవాడు ఆ నెల ఏది దొరికితే అది వేస్తాడు, పైన మాత్రం స్టిక్కర్ మారదు. సీ821కి అప్పటి కెర్నెల్‌లో డ్రైవర్ లేదు. బయట నుంచి సోర్స్ తెచ్చి కంపైల్ చేసి పెట్టొచ్చు, కాని ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కూ ఊడిపోతుంది, ఊడినప్పుడల్లా ఆ పిల్ల దండేపల్లి నుంచి బస్సెక్కి రావాలి. నేను ఒక యూఎస్‌బీ డాంగిల్ పెట్టి, దాని డబ్బులు తీసుకుని పంపాను. పుస్తకంలో రాసుకున్నాను: "సీ821 — నడవదు. డాంగిల్."

ఇక్కడ ఒక సంగతి తెలుసుకో. డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు. డ్రైవర్ కెర్నెల్‌లో ఉంటుంది, చిప్పుతో మాట్లాడుతుంది. ఫర్మ్‌వేర్ చిప్పు లోపలికి పోయి పనిచేసే చిన్న ప్రోగ్రాం, అది ఆ చిప్పు చేసినవాడి సొత్తు, దాని సోర్స్ ఇవ్వడు. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఉండాలన్న నియమం మీద డెబియన్ వాళ్లు ఏళ్ల తరబడి దాన్ని తమ అసలు సీడీలో పెట్టలేదు. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదన్నట్టు ఉండేది. నేను జేబులో ఎప్పుడూ ఒక ఈథర్‌నెట్ తీగ పెట్టుకు తిరిగేవాణ్ని. 2022లో వాళ్లలో వాళ్లు ఓట్లు వేసుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే కలిపారు. నియమం సడలిందని బాధపడ్డవాళ్లున్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నా జేబులో తీగ మాత్రం పోయింది.

నేను చేసిన పనుల్లో నాకు నచ్చినది ఏదని అడిగితే వేబ్రిడ్జి పని చెబుతాను. 2017లో, దీపావళికి ముందు, పత్తి రావడం మొదలైన రోజులు. ఒక జిన్నింగ్ మిల్లులో ఉరుముల రాత్రి గడిచాక చూస్తే కాంటా గదిలో కంప్యూటర్ లేవలేదు. పదిహేనేళ్ల డబ్బా. మదర్‌బోర్డు కాలింది, హార్డ్‌డిస్క్ బతికింది. అందులో ఎప్పుడో ఎవరో రాసిచ్చిన డాస్ ప్రోగ్రాం. ట్రాక్టర్ ఎక్కగానే ఇండికేటర్ నుంచి బరువు తీసుకుని, రెండోసారి ఖాళీ బండి బరువు తీసివేసి, చీటీ కొడుతుంది. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. మిల్లు సేటు ఆ మధ్యాహ్నమే ఒక కొత్త చిన్న డబ్బా కొనుక్కొచ్చాడు, అరచేతిలో పట్టేంత. బయట రోడ్డు మీద ట్రాక్టర్లు వరసకట్టాయి.

నాకు మొదట తట్టింది ఫ్రీడాస్. 1994లో జిమ్ హాల్ అనే ఆయన మొదలుపెట్టిన ఉచిత డాస్ అది. పాత ప్రోగ్రాం మారు మాట్లాడకుండా నడుస్తుందని ధైర్యంగా చెప్పేశాను. లేవలేదు. ఫ్రీడాస్ కీబోర్డు కావాలన్నా డిస్కు కావాలన్నా పాతకాలం బయోస్‌ను అడుగుతుంది. కొత్త డబ్బాలో ఉన్నది ఒట్టి యూఈఎఫ్ఐ, పాత పద్ధతి అసలు లేదు. అడిగే దానికి బదులు చెప్పేవాడే లేడు. సేటు ముందు గొప్పలు పోయి గంటలోనే నాలుక కరుచుకున్నాను.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒకటే అడిగాడు: "డాస్‌ను ఇనుము మీదనే నడపాల్నా? లినక్స్ మీద ఎక్కించరాదు?" అక్కడ దారి దొరికింది. డెబియన్ 9 ఎక్కించి, దాని మీద డాస్‌ఈము పెట్టాను. డాస్‌ఈము లోపల ఉండేదీ ఫ్రీడాసే. 64 బిట్‌లో నడిచేటప్పుడు ప్రాసెసర్‌కు పాత 8086 వేషం కట్టే వీలు ఉండదు, అందుకని డాస్‌ఈము ఆ ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌లో నటిస్తుంది. నెమ్మదేమోనని భయపడ్డాను. చీటీలు కొట్టే ప్రోగ్రాంకు ఏం తొందర!

ప్రోగ్రాం తెర వచ్చింది, బరువు రాలేదు. కొత్త డబ్బాకు సీరియల్ పోర్టు లేదు గనక యూఎస్‌బీ సీరియల్ తీగ తగిలించాను. తెర మీద చెత్త అక్షరాలు. ఇది గుర్తుంచుకో: చెత్త అక్షరాలు వస్తున్నాయంటే తీగ బాగానే ఉంది, సంతోషించు. అసలేమీ రాకపోతే తీగను అనుమానించు. చెత్త వస్తే స్పీడును అనుమానించు. ఇండికేటర్ వెనక స్టిక్కర్ మీద 9600 అని ఉంది. ఆ స్టిక్కర్‌నే నమ్మి గంట కొట్టుకున్నాను. చివరికి కిందికి దిగుతూ ఒక్కో స్పీడూ పెట్టి చూస్తే 2400 దగ్గర అక్షరాలు అంకెలయ్యాయి. ఎవరో ఎప్పుడో మార్చి స్టిక్కర్ మార్చలేదు. నా టెర్మినల్‌లో సెకనుకోసారి సున్నాలు దొర్లుతుంటే, చెరువులో చేప పడ్డంత సంబరం.

అంతలో కాంటా రాసే అన్న తన లాగిన్‌తో కూర్చున్నాడు. మళ్లీ ఏమీ లేదు. నేను కూర్చుంటే వస్తుంది, ఆయన కూర్చుంటే రాదు. "మిషన్ గూడ మనిషిని జూసి నడుస్తదా?" అన్నాడు. నడుస్తుంది మరి! సీరియల్ పోర్టును ముట్టుకోవాలంటే లినక్స్‌లో ఆ మనిషి 'డయలౌట్' గుంపులో ఉండాలి. నేను రూట్‌గా ఉన్నాను, ఆయన మామూలు యూజర్. ఒక్క కమాండ్‌తో గుంపులో చేర్చి, లాగౌట్ చేయించి, మళ్లీ లాగిన్ చేయించాను. లాగౌట్ చేయించడం మరిచిపోతే ఇంకో అరగంట పోతుంది, ఆ అరగంట కూడా నేను పోగొట్టుకున్నాను. చీటీ ప్రింటర్ ఒక్కటే ఏ తగాదా లేకుండా లొంగింది. పాత డాట్ మ్యాట్రిక్స్ మొగోడు, ఎప్సన్ భాష అర్థమవుతుంది, లినక్స్‌కు ఆ భాష ఎప్పట్నుంచో వచ్చు.

తెల్లవారుజామున నాలుగింటికి, బండి ఎక్కించే ముందు, నేనే కాంటా మీద నిలబడ్డాను. 60 చూపించింది. నా బరువు 64. ఆ కాంటాకు పది కిలోల మెట్టు, ఇండికేటర్ మీదా 60, తెర మీదా 60, సరిపోయింది. మొదటి చీటీ గరగరమని కొడుతుంటే ట్రాక్టర్ మీద దుప్పటి కప్పుకుని పడుకున్న రైతు లేచి కూర్చున్నాడు. నా మొత్తం బతుకులో ప్రింటర్ చప్పుడు అంత తీయగా ఎప్పుడూ వినలేదు.

తప్పుల్లో పెద్ద తప్పు కూడా చెప్పాలి కదా. 2011లో ఒక ఫోటో స్టూడియో అన్న కంప్యూటర్‌లో విండోస్ పక్కన లినక్స్ పెడుతూ, 'మొత్తం డిస్కు' అన్నదాని మీద నొక్కేశాను. డి డ్రైవ్‌లో మూడు పెళ్లిళ్ల ఫోటోలు ఉన్నాయి. ఆల్బమ్ ఇంకా కాలేదు. కాళ్లు చల్లబడ్డాయి. ఇన్‌స్టాల్ నడుస్తుండగానే కరెంటు బటన్ ఆపేశాను, ఆ ఒక్కటి మాత్రం సరైన పని చేశాను. డిస్కు మీద ఎంత తక్కువ రాస్తే అంత మిగులుతుంది. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో రెండు రాత్రులు తోడితే ఫోటోలు చాలా వరకు బయటికి వచ్చాయి. కాని ఫోటోరెక్ ఫైల్ పేర్లు తిరిగి తేలేదు, ఒట్టి నంబర్లు ఇస్తుంది. మూడు పెళ్లిళ్లూ కలిసిపోయాయి. నేనూ ఆ అన్నా కూర్చుని పెళ్లికూతురి చీర రంగు చూసి ఏ పెళ్లివి ఆ పెళ్లికి వేరుచేశాం. డబ్బులు తీసుకోలేదు, ఆయన ఇవ్వనూ లేదు. ఆ రోజు నుంచి డిస్కు ముట్టుకోకముందు, ఏమేం కావాలో యజమాని చేతనే కాగితం మీద రాయిస్తాను.

ఏఆర్‌ఎం బోర్డుల గురించి ఎక్కువ చెప్పను, అది వేరే విద్య. ఒక్కటి విను. 2012లో రాస్‌బెరీ పై వచ్చింది, నేను మరుసటి ఏడు ఒకటి తెప్పించాను. డెబియన్‌లో ఏఆర్‌ఎంకు రెండు రకాలు ఉండేవి. దాని ప్రాసెసర్ ఒక రకానికి చిన్నది, ఇంకో రకంతో దాని సత్తా సగమే బయటపడుతుంది. అందుకే కొందరు ఓపికమంతులు డెబియన్‌లోని వేలాది ప్యాకేజీలను దాని కొలతకు మళ్లీ కట్టి రాస్‌పియన్ అని పేరు పెట్టారు. నేను అది తెలియక పెద్ద కొలత చొక్కా తొడిగి, లేవలేదని బోర్డును తిట్టాను. పీసీలో బోర్డు తనలో ఏముందో తానే చెబుతుంది. ఏఆర్‌ఎం బోర్డు చెప్పదు, నువ్వే ఒక జాబితా రాసి కెర్నెల్ చేతిలో పెట్టాలి. పేరుకు ఏఆర్‌ఎం ఒకటే అయినా, ఏ బోర్డుకు ఆ బోర్డే ఒక కులం.

ఎవరికి లినక్స్ పెట్టకూడదో కూడా నేర్చుకో. వేలిముద్ర మిషన్లతో పని ఉన్న ఆన్‌లైన్ సెంటర్ వాళ్లకు నేను పెట్టను, వాళ్ల పరికరాల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ వస్తుంది. శుభలేఖలు కొట్టే డీటీపీ అన్నలకు పెట్టను. వాళ్ల ఇరవై ఏళ్ల పని అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంది. టైపింగ్ సంగతి వేరు, వాళ్ల వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు వరస లినక్స్‌లోనూ దొరుకుతుంది. కాని పాత ఫైళ్లు తెరుచుకోవాలి కదా. పిల్లల చదువులకు, ఉత్తరాలు రాసుకునేవాళ్లకు, లెక్కలు వేసుకునేవాళ్లకు మాత్రం కళ్లు మూసుకుని పెడతాను. తెర మొత్తం తెలుగులో కూడా పెట్టొచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్లూ ఇంకెందరో వాలంటీర్లూ కూర్చుని తెలుగు చేసిన మెనూలు అవి. ఒకసారి అట్లా పెట్టిస్తే డిగ్రీ పిల్లవాడు "దస్త్రం అంటే ఏందన్నా?" అని ఇంగ్లిష్‌లోకి మార్పించుకున్నాడు. వాడి వెంట వచ్చిన తాత, వెనకట పట్వారీ దగ్గర పనిచేసినవాడట, "దస్త్రం ఎరుకలేదా? ఫైలు రా!" అని నవ్వాడు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు అప్‌డేట్లు ఆగాయి. పదకొండు ఎక్కాలంటే టీపీఎం 2.0 కావాలి, ప్రాసెసర్ ఫలానా తరానిది కావాలి. ఎక్స్‌పీ పోయినప్పుడు ఎట్లా వచ్చారో, 2020లో విండోస్ 7 పోయినప్పుడు ఎట్లా వచ్చారో, మళ్లీ అట్లానే సంచుల్లో పట్టుకుని వస్తున్నారు. ఇటు లినక్స్ కూడా ఊరుకోలేదు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, అదే చేత్తో ఆర్‌ఐఎస్‌సీ-వీ అనే కొత్త జాతి ప్రాసెసర్‌ను అధికారికంగా చేర్చుకున్నారు. మద్రాస్ ఐఐటీలో కామకోటి గారి బృందం చేసిన శక్తి ప్రాసెసర్లు ఆ జాతివే. ఉస్తాద్ పెంటియం ఎం మాత్రం అటకెక్కింది. దానికి నెట్‌బీఎస్‌డీ పెట్టి చూద్దామని ఉంది, అది పాతవాటిని అంత తొందరగా వదలదు. ఆయన వద్దంటున్నాడు, నాకే మనసొప్పడం లేదు.

ఇప్పుడు నా దగ్గర పాలిటెక్నిక్ చదివిన ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది. మొదటి నెల రబ్బరుతో రుద్దించాను, భూతద్దం ఇవ్వలేదు, కళ్లు బాగున్నాయి. మొన్న దండేపల్లి చెల్లె ల్యాప్‌టాప్ మళ్లీ వచ్చింది, కీబోర్డు మీద టీ పడిందట. ఇప్పుడు ఆ చెల్లెకు ఇద్దరు పిల్లలు. కీబోర్డు మార్చి, పాత మింట్ తీసి డెబియన్ పెట్టమని ఈ పిల్లకు అప్పజెప్పాను. పెన్‌డ్రైవ్ పెట్టకముందే నంబర్లు తీసింది. పుస్తకంలో వెతికింది. కాసేపు చప్పుడు లేదు.

"అన్నా, మీ పుస్తకంల తప్పున్నది."

పోయి చూశాను. డెబియన్ లేపి, డాంగిల్ పీకి పక్కన పెట్టింది, తెర మీద వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. సీ821కి డ్రైవర్ 2020లోనే 5.9 కెర్నెల్‌లో చేరిందట. నేను ఆ తర్వాత ఆ పేజీ తిప్పలేదు. పెన్ను ఇచ్చాను. నా చేతిరాత మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద తారీఖు వేసి, "నడుస్తుంది" అని రాసింది. డాంగిల్‌ను ఒక కవర్లో వేసి ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టింది. దాని డబ్బులు ఆ చెల్లె ఎప్పుడో ఇచ్చింది.